కమోడ్ వచ్చేదాకా

మాది సూరత్ కోసాడ్ కాలనీలో రెండో అంతస్తు ఇల్లు. ఒక పెద్ద గది, వంటగది, వెనక చిన్న గ్యాలరీ. లెట్రిన్, బాత్రూం కలిపి ఒకటే. ఇల్లు చేతికి వచ్చిన రోజు నుంచీ ఆ బాత్రూం నేల నల్లగానే ఉంది. యాసిడ్ పోసి రుద్దినా రెండు రోజులు తెల్లబడి మళ్లీ మొదటికొచ్చేది. గోడలకు సగం ఎత్తు వరకే టైల్స్, పైన సున్నం. ఒక మూల నుంచి ఇనుప గొట్టం బయటికి వచ్చి, గోడ వెంబడి అడ్డంగా సాగి నల్లా దగ్గర ఆగేది. ముట్టుకుంటే చేతికి ఎర్రటి తుప్పు పొడి అంటేది. ఇంటికి ఎవరైనా వచ్చి బాత్రూం ఎటు అని అడిగితే నాకు ముఖం చెల్లేది కాదు.

నేను సూరత్‌లోనే పుట్టి పెరిగాను. మగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చదువుకునే బడిలో తెలుగు చెప్తాను. మా ఆయన జోల్వాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మాస్టర్. పొద్దున పోతే దీపాలు పెట్టాక వస్తాడు. మా అత్తమ్మ కూడా ఒకప్పుడు కార్ఖానాలో దారం కండెలు చుట్టేది. రోజంతా నిలబడి చేసే పని. మోకాళ్లు అరిగిపోయాక మానేసి ఇంటి పట్టున ఉంటోంది. పోయిన వేసవి సెలవులకు మా అమ్మాయి భీవండిలో మా అక్క దగ్గరికి వెళ్లింది. ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం.

సెలవులకు కొంచెం ముందు మా బడిలోనే పనిచేసే ఒక టీచర్ గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి వాళ్ల బాత్రూంలోకి వెళ్లి, కడుక్కోవడం అయ్యాక కూడా బయటికి రాలేదు. గోడలు పైదాకా లేత ఆకుపచ్చ టైల్స్. వాటి మధ్య సన్నటి తెల్లగీతలు. ఎక్కడా ఒక గొట్టం కనబడదు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో తెలియదు. బయట ఎవరో తలుపు తట్టేదాకా అలాగే నిలబడ్డాను.

ఇంటికి వచ్చి మా ఆయనతో నేను అన్న మాట మాత్రం వేరు.

"అత్తమ్మ మోకాళ్లు జూస్తున్నవ్ గదా. కింద కూసోని లేసుడు ఆమెతోని అయితలేదు. కమోడ్ పెట్టిద్దాం."

అది అబద్ధం కాదు. అత్తమ్మ బాత్రూంలోంచి బయటికి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఒక నిమిషం ఆగి, ఊపిరి తీసుకుని నడిచేది. కానీ కమోడ్ పెట్టడానికి ఆకుపచ్చ టైల్స్ అక్కరలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అత్తమ్మ మోకాళ్లను ముందు పెట్టుకుని నా కోరిక తీర్చుకుంటున్నానని తెలిసే ఆ మాట అన్నాను.

మా కాలనీలో బాత్రూం పనులు చేసే గుజరాతీ మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఎప్పుడు అడిగినా "కాలే ఆవీశ్ బెన్" అనేవాడు. రేపు వస్తానని. ఆ రేపు ఎంతకీ రాలేదు. ఈలోగా సెలవులు కరిగిపోతున్నాయి. నేను ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పాత టైల్స్ మీదే కొత్తవి ఎలా అతికించాలి, సందులు సమానంగా రావడానికి ప్లాస్టిక్ ముక్కలు ఎలా పెట్టాలి, పాత లెట్రిన్ తీసి కమోడ్ ఎలా బిగించాలి. వాటిలో నాలాంటి ఆడవాళ్లు కూడా ఉన్నారు. కొంగు నడుముకు దోపుకుని, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, నవ్వుతూ పని చేస్తున్నారు. చూసేకొద్దీ చెయ్యి దురద పుట్టింది.

నేనే చేస్తానంటే మా ఆయన అన్నం తింటున్నవాడల్లా తల ఎత్తాడు.

"మిస్త్రీ వస్తడు తీ. నువ్వు సుత్తె పట్టి ఏం జేస్తవ్?"

మంచం మీద కూర్చున్న అత్తమ్మ నా తరఫున మాట్లాడింది. "చేయనియ్యి రా. మగ్గం ఇప్పి బిగించెటోల్ల ఇంట్ల వుట్టింది. ఒక్క కమోడ్ బిగించలేదా?"

ఆ మాటతో ఆయన సరేనన్నట్టు మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టాడు. నాకు పట్టరాని సంతోషం.

అమ్రోలీ బజారుకు వెళ్లి టైల్స్, వాటిని అతికించే గమ్ము, సుత్తి, ఉలి, కొత్త ప్లాస్టిక్ గొట్టాలు తెచ్చుకున్నాను. సరిగ్గా ఆ టీచర్ ఇంట్లోలాంటి ఆకుపచ్చ కాదు గానీ దానికి దగ్గరి రంగే దొరికింది. అన్నిటికంటే ముందు నేను పీకేసింది ఆ తుప్పు గొట్టాన్ని. పైన టాంకీ నీళ్లు కట్టేసి, ఒక పూటంతా రెంచితో తంటాలు పడి ఊడదీశాను. గోడలో గాడి తవ్వి కొత్త గొట్టాన్ని లోపలికి పెట్టి కప్పేశాను. పాత ఇనుము కొనే భంగార్‌వాడు కింద అరుస్తూ పోతుంటే పిలిచి గొట్టం ముక్కలు ఇచ్చేశాను. గోడ నున్నగా కనిపించేసరికి సగం పని అయిపోయినట్టే అనిపించింది.

మరునాడు లెట్రిన్ పగలగొట్టాను. అది ఎంత తేలిగ్గా పగిలిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇన్నేళ్లు మా అందరి బరువూ మోసింది నాలుగు దెబ్బలకు ముక్కలైంది. గొట్టంలోకి ముక్కలు పడకుండా గుడ్డలు కుక్కాను. సంచుల్లో రాళ్లు నింపి కిందికి మోశాను. అత్తమ్మ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని చూసింది.

"ఎన్ని దినాలైతది బిడ్డా?"

"నాలుగైదు దినాలల్ల అయిపోతది అత్తమ్మా. అప్పటిదాంక ఎదురింట్ల మాట్లాడిన."

ఎదురింట్లో ఒక గుజరాతీ కుటుంబం ఉంటుంది. ఆవిడ ఇంట్లోనే కూర్చుని చీరలకు లేసు కుడుతుంది కాబట్టి పగలంతా తలుపు తీసే ఉంటుంది. నేను ఆవిడను బెన్ అంటాను, అంటే అక్క అన్నట్టు. ఆవిడ అత్తమ్మను బా అంటుంది, వాళ్లలో పెద్దవాళ్లను పిలిచే పిలుపు. హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడే ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. నేను అడగ్గానే "అదేం అడగడం? ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి, తలుపు కూడా కొట్టక్కర్లేదు" అంది. స్నానాలకు వెనక గ్యాలరీలో పాత చీర అడ్డం కట్టాను. ఆ నీళ్లు గొట్టంలోంచి కింద పిల్లలు ఆడుకునే చోట పడతాయి. అందుకని స్నానం తప్ప మరో అవసరానికి గ్యాలరీ పనికిరాదు.

అంతా ఏర్పాటు చేశాననుకున్నాను.

కమోడ్ ఇంటికి వచ్చిన రోజున నా మొదటి తప్పు బయటపడింది. కొన్ని కమోడ్ల గొట్టం వెనక గోడలోకి పోతుంది, కొన్నిటిది కింద నేలలోకి పోతుంది. మాకు కావలసింది నేలలోకి పోయేది. నేను తెచ్చింది గోడలోకి పోయేది. దుకాణంలో కొనేటప్పుడు నేను చూసింది దాని మూత ఎంత మెల్లగా వాలుతోందన్నదే. ఆటోలో వేసుకుని తిరిగి తీసుకెళ్తే దుకాణంవాడు విసుక్కోకుండానే వెనక్కి తీసుకున్నాడు గానీ, మాకు కావలసిన రకం అప్పుడు లేదన్నాడు. మోర్బీ ఫ్యాక్టరీల నుంచి లోడు రావాలి, రాగానే ఫోన్ చేస్తానన్నాడు.

వేరే దుకాణంలో అడగొచ్చు. కడోదరా వైపు ఇలాంటి దుకాణాలు బోలెడు. నేను అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ లోడు ఆలస్యమైనందుకు నాకు లోపల కొంచెం సంతోషమే కలిగింది. కమోడ్ అడ్డం లేకపోతే టైల్స్ పని హాయిగా చేసుకోవచ్చు. ఆ హాయి ఎవరిదో, దాని బరువు ఎవరి మీద పడుతోందో ఆలోచించలేదు.

మొదటి గోడ చెడింది. గమ్ము అక్కడక్కడా ముద్దలుగా పెట్టడం వల్ల టైల్స్ మీద వేలితో కొడితే డొల్లగా మోగాయి. ఉలితో ఒక్కొక్కటే ఊడదీసి, వెనకాల గీకి, మళ్లీ అతికించాను. రెండో గోడకి చెయ్యి తిరిగింది. మూడో గోడకి వచ్చేసరికి నా నోట పాటలు వచ్చేస్తున్నాయి. ఉడకపోతకు జాకెట్టు ఒంటికి అంటుకుపోయేది, గోళ్లలో సిమెంటు ఇరుక్కునేది, అయినా పొద్దున లేవగానే టీ కంటే ముందు బాత్రూంలోకి వెళ్లి గోడలు చూసుకునేదాన్ని.

మధ్యమధ్య అత్తమ్మను పిలిచి చూపించేదాన్ని. ఆమె తలుపు దగ్గర నిలబడి, "అబ్బ, అద్దం లెక్క మెరుస్తుంది పో" అనేది.

"ఎదురింటికి పోయొచ్చిన్రా అత్తమ్మా?" అని అడిగేదాన్ని.

"ఆ, పోయొచ్చిన."

రోజూ అడిగేదాన్ని. రోజూ అదే జవాబు. అడిగాను కాబట్టి నా బాధ్యత తీరిందనుకుని మళ్లీ లోపలికి దూరేదాన్ని.

నా కళ్ల ముందు జరిగినవి ఇప్పుడు వరుసగా గుర్తొస్తాయి. రోజుకు మూడుసార్లు చాయ్ తాగే మనిషి ఒక్కసారికి వచ్చింది. "ఎండలకు చాయ్ వేడి జేస్తుంది" అంది. సరే మంచిదే అనుకున్నాను. మజ్జిగ కలిపి ఇస్తే గిన్నె పక్కన పెట్టి, "తర్వాత తాగుత" అనేది. సాయంత్రం ఆ గిన్నె అలాగే ఉండేది. నేను దాన్ని ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని తప్ప ఎందుకు తాగలేదని అడగలేదు. తెల్లవారుజామున వాకింగ్ అని కిందికి వెళ్లడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పితో రెండంతస్తులు దిగి, ఎక్కి రావడమేంటని నాకు తట్టాలి. తట్టకపోగా, ఫోన్‌లో మా అక్కతో "మా అత్తమ్మ వాకింగ్ వోతుంది తెలుసా, మస్తు హుషారైంది" అని గొప్పగా చెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం నేను టైల్స్ సందుల్లో తెల్లటి పేస్టు నింపుతున్నాను. అది ఆరిపోకముందే తడి స్పాంజితో తుడవాలి, లేకపోతే మరకలు పడతాయి. గదిలోంచి అత్తమ్మ ఏదో అంటోంది. "వస్తున్న అత్తమ్మా" అన్నాను, చేతిలో పని వదలకుండా. మళ్లీ అంది. మళ్లీ "వస్తున్న" అన్నాను. ఆ సందు పూర్తి చేసి, తుడిచి, అప్పుడు వెళ్లాను.

మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. అంత ఎండలో దుప్పటి కప్పుకుని గడగడ వణుకుతోంది. పెదాలు పగిలి తెల్లబారాయి. నా వైపు చూసింది గానీ నన్ను గుర్తుపట్టలేదు.

"మిషన్ బంద్ జెయ్యి. దారం తెగిపోయింది. జర బంద్ జెయ్యి," అంటోంది. ఎప్పుడో మానేసిన కార్ఖానాలో ఉన్నట్టుంది ఆమె. నుదురు మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది.

నేను కేక వేశాను. ఎదురింటి బెన్ కుడుతున్న చీర అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం చెరో పక్క పట్టుకుని, మెట్ల మీద ఒక్కో మెట్టూ దించి, ఆటోలో ఎక్కించాం. నా చేతులకున్న తెల్లటి పేస్టు అత్తమ్మ చీర నిండా అంటుకుంది. ఆసుపత్రికి చేరేసరికి అది ఆరి గట్టిపడింది.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు, ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయాయన్నారు. పెద్ద వయసులో ఇలాంటి జ్వరానికి మాట తడబడుతుందట, తగ్గాక తెలివి వస్తుందన్నారు. రాత్రికి కొంచెం తేరుకుంది. మరునాడు పొద్దున చూడటానికి వచ్చిన డాక్టరు ఆంధ్ర అబ్బాయి. మేం తెలుగువాళ్లమని తెలిసి తెలుగులోనే మాట్లాడాడు.

"అమ్మా, నీళ్లు సరిగ్గా తాగట్లేదా?"

"దూప గాలే సారూ," అంది అత్తమ్మ.

అతనికి ఆ మాట అర్థం కాలేదు. నా వైపు చూశాడు.

"దాహం వేయలేదంటోంది," అన్నాను.

"ఈ ఎండల్లో దాహం వేయకపోవడమేంటండీ?" అని మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "మూత్రం వస్తే ఆపుకుంటున్నారా అమ్మా? నిజం చెప్పండి, పర్లేదు."

"ఎందుకాపుకుంట సారూ? ఇంట్ల అన్ని సౌలతులు జేస్తుంది మా కోడలు. కొత్త బాత్రూం గడుతుంది."

డాక్టరు నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఏదో తప్పు జరిగిందని అప్పుడే అనుమానం పుట్టింది గానీ అది ఏమిటో తెలియలేదు.

పదకొండు గంటల వేళ బెన్ ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని వచ్చింది. నన్ను వార్డు బయట బెంచీ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.  తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నీకు ఒక మాట చెప్పాలి. ఎవరికీ చెప్పనని బాకు ఒట్టేశాను. కానీ ఇప్పుడు చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది," అంది. "బా మా ఇంటికి మొదటి రోజు ఒక్కసారే వచ్చింది. ఆ తర్వాత రానే లేదు."

"రోజూ పోయొచ్చిన అన్నదే?"

"రాలేదు. ఆ రోజు లోపలికి వెళ్లి ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను తలుపు కొట్టాను. లేవలేకపోతున్నానంది. గడియ వేసుకోలేదు కాబట్టి సరిపోయింది. లోపలికి వెళ్లి చంకల కింద చేతులు పెట్టి లేపాను. గోడ మీద చెయ్యి పెట్టి దేనికోసమో వెతికింది. మా ఇంట్లో పైపు ఉంటుంది, అది పట్టుకుని లేస్తాను, అంది. మా గోడకు ఏమీ లేదు కదా. నాకు అందులో సిగ్గేమీ లేదు బెన్, మా అమ్మకూ చేశాను. కానీ బా చాలా ఏడ్చింది. నీకు చెప్పొద్దని నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. మళ్లీ వస్తుందనుకున్నాను. రాకపోతే, మీ బాత్రూం పని అయిపోయిందేమో అనుకున్నాను."

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినబడటం లేదు. పదహారేళ్లుగా నేను అసహ్యించుకున్న ఆ గొట్టాన్ని పట్టుకుని అత్తమ్మ రోజూ లేచేది. బాత్రూంలో తలుపు వేసుకున్న మనిషి ఎలా కూర్చుంటుందో, ఎలా లేస్తుందో ఇంట్లో ఇంకొకరికి ఎలా తెలుస్తుంది? తెలియదు. అడిగితే తెలిసేది. ఆమె మోకాళ్ల కోసమే ఈ పనంతా అని ఊరందరికీ చెప్పిన నేను, మీరు ఎట్లా లేస్తారు అత్తమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు.

మా ఆయన జోల్వా నుంచి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అంతా చెప్పాను. ఏమీ దాచలేదు. కమోడ్ కోసం ఇంకో దుకాణానికి వెళ్లకపోవడం కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన నా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

"పొద్దుగాల నేను డ్యూటీకి వోతుంటె కింద కనవడేది అమ్మ. పక్క బిల్డింగుల నుంచి వస్తుండె. మోకాళ్లు నొయ్యంగ వాకింగ్ ఏందే అని నేను గూడ అడగలే," అన్నాడు.

పక్క బిల్డింగులో కింది అంతస్తులో అత్తమ్మతో కలిసి కండెలు చుట్టిన ఒక ముసలామె ఉంది. తెల్లవారుజామున రోజుకు ఒక్కసారి అత్తమ్మ ఆమె ఇంటికి వెళ్లి వచ్చేది. తను చెయ్యి అందించి లేపేదాన్నని తర్వాత ఆమే చెప్పింది. మళ్లీ రెండంతస్తులు దిగి ఎక్కడం సాధ్యం కాదు కాబట్టి, మిగిలిన రోజంతా నోరు తడుపుకోవడం తప్ప నీళ్లు తాగేది కాదు. వాకింగ్ అంటే అదీ.

మా ఆయన లేచి దుకాణానికి ఫోన్ చేశాడు. మాకు కావలసిన కమోడ్ రెండు రోజుల కిందటే వచ్చిందట. వాళ్లు ఫోన్ చేయడం మర్చిపోయారు. నేనూ అడగలేదు. ఆ రెండు రోజులూ నేను నాలుగో గోడ మీద ఉన్నాను.

ఆయన నేరుగా మిస్త్రీ ఇంటికి వెళ్లాడు. ఎప్పుడూ రేపు అనే మనిషి, అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఇంటికి వచ్చేసరికి కమోడ్ ఉండాలి అని చెప్పగానే తింటున్న కంచం పక్కన పెట్టి సంచి భుజాన వేసుకున్నాడట. ఇద్దరూ కలిసి దుకాణం నుంచి కమోడ్ తెచ్చి ఆ రాత్రే బిగించారు. చుట్టూ సిమెంటు పెట్టి, గట్టిపడేదాకా ఎవరూ కూర్చోవద్దన్నాడు మిస్త్రీ. "టైల్స్ కోణే లగావ్యా?" అని, ఎవరు పెట్టారని అడిగి, మా ఆయన చెబితే, "మంచిగానే వేసింది బెన్" అన్నాడట. మా ఆయన ఆ మాట నాకు చెప్పినప్పుడు చెవులు మూసుకోవాలనిపించింది.

అత్తమ్మను ఇంటికి తీసుకొచ్చిన రోజు మా ఆయన, ఇంకో ఇద్దరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. ఆమె అలసిపోయి ఉంది. అయినా ముందు బాత్రూం చూస్తానంది. నేను పట్టుకుని తీసుకెళ్లాను. కమోడ్ మీద కూర్చోబెట్టి బయటికి రాబోతే, "ఉండు" అంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ ఆకుపచ్చ టైల్స్ నా కళ్ల ముందే ఉన్నాయి. వాటిని చూడలేక కళ్లు మూసుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె కాళ్లకు నూనె రాస్తూ అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా? ఒక్క మాట చెప్తే నేను గోడకు ఏదన్న గొట్టకపోదునా? కమోడ్ ఉరికి తెద్దును గదా."

ఆమె చీర అంచు మోకాళ్ల మీదికి సర్దుకుంది.

"చెప్తే నువ్వు పని ఆపుతవ్," అంది. "నువ్వు ఆ టైల్స్ వెట్టుకుంట పాటలు పాడుతుంటివి. ఈ ఇంటికి వచ్చినంక నువ్వు పాడంగ నేను ఎన్నడు ఇనలే. మంచిగనిపించింది. నాలుగు దినాలే గదా, ఓర్చుకుందాం అనుకున్న."

నేను ఆమె పాదం మీద తల పెట్టి ఏడ్చాను. "అయ్యో, నూనె ముఖానికంటుతది లే" అంటూ నా తలను పక్కకు జరిపింది. నాకు తప్పు ఒప్పుకునే అవకాశం కూడా సరిగ్గా ఇవ్వలేదు ఆమె. ఒప్పుకోవడానికి అక్కడేమీ లేదన్నట్టు, టీవీ పెట్టమంది.

తర్వాత స్టీలు కడ్డీలు తెచ్చాను, గోడకు బిగించడానికి. ఎంత ఎత్తులో పెట్టాలో వీడియోల్లో చెబుతారు. ఈసారి నేను వీడియో చూడలేదు. అత్తమ్మను కూర్చోబెట్టి, "లేచేటప్పుడు మీ చెయ్యి ఎక్కడికి వోతదో చూపించున్రి" అన్నాను. ఆమె చెయ్యి చాపిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాను. కూర్చునేటప్పుడు ఒక చోటికి, లేచేటప్పుడు ఇంకో చోటికి, స్నానం చేసేటప్పుడు మరో చోటికి పోయింది ఆ చెయ్యి. డ్రిల్లు పెడితే ఒక టైల్ అడ్డంగా చీలింది. అప్పటి నేనైతే దాన్ని ఊడదీసి కొత్తది పెట్టేదాకా నిద్రపోయేదాన్ని కాదు. అలాగే ఉంచి కడ్డీ బిగించాను. తర్వాత బెన్‌ను అడిగి వాళ్ల బాత్రూంలో కూడా ఒకటి పెట్టాను. వద్దని రెండుసార్లు అంది. నేను డ్రిల్లు తీసుకుని వాళ్ల గుమ్మంలో నిలబడేసరికి నవ్వి లోపలికి రమ్మంది.

అత్తమ్మ ఒంట్లో బలం రావడానికి వానలు పడేదాకా పట్టింది. మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి గానీ, బాత్రూంలోంచి వచ్చి గోడ దగ్గర ఆగడం తగ్గింది. ఇప్పుడు ఆమెకో కొత్త అలవాటు. ఇంటికి ఎవరు వచ్చినా, చాయ్ తాగాక, రండని బాత్రూం చూపించడానికి తీసుకెళ్తుంది. పక్క బిల్డింగు ముసలామెకు చూపించింది. జోల్వా నుంచి వచ్చిన కార్ఖానావాళ్లకు చూపించింది. లైటు వేసి, తలుపు బార్లా తీసి, "మొత్తం మా కోడలే చేసింది. ఎవరు గింత చెయ్యి వెట్టలే. నా కోసం చేసింది," అంటుంది. వాళ్లు టైల్స్ మీద చెయ్యి రాసి చూస్తారు. నేను వంటగదిలోకి వెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతాను.

ఒకరోజు వచ్చినవాళ్లు వెళ్లాక అన్నాను. "అందరికి అట్ల చెప్పకున్రి అత్తమ్మా."

"ఎందుకు? నువ్వు చేయలేదా?"

"చేసిన."

"నా కోసం గాదా?"

 అవునని అంటే అబద్ధం కలుస్తుంది, కాదంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది. నా ముఖం చూసి ఏమనుకుందో, ఇంకేమీ అడగకుండా కర్ర తీసుకుని లేచి బాత్రూంలోకి వెళ్లింది. నేను ఉతికిన బట్టలు తెచ్చుకుని, మడతపెడుతున్నట్టు తలుపు పక్కనే నిలబడ్డాను. ఆమె లోపలికి వెళ్లిన ప్రతిసారీ నేను అక్కడ ఏదో ఒక పని పెట్టుకుంటాను.

"నాకేం గాలే. పో, నీ పని జూస్కో," అని లోపలి నుంచి అరిచింది.

"బట్టలు మడుస్తున్న అత్తమ్మా," అని, నీళ్లు వదిలిన చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడ్డాను.